మీకు తెలుసా? కడలి అడుగున కరెంటు బాటలు

ఇంగ్లండ్‌లో గాలి జోరుగా వీచిన రాత్రి నార్వే కొండల్లోని ఒక జలాశయం తన నీళ్లను ఆదా చేసుకుంటుంది. ఈ రెండు దేశాల మధ్యన ఉత్తర సముద్రం ఉంది. దాని అడుగున 720 కిలోమీటర్ల పొడవున కరెంటు కేబుల్ పడుకుని ఉంది. ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న బ్లైత్ నుంచి నార్వేలోని క్విల్‌డాల్ దాకా వెళ్లే ఈ లైను పేరు నార్త్ సీ లింక్. 2021 అక్టోబరు 1న పని మొదలుపెట్టింది. 1,400 మెగావాట్లు మోస్తుంది. ఏ గంటకు ఏ ఒడ్డున కరవుంటే ఆ ఒడ్డుకు.

ఇది పనిచేసే తీరు తెలిస్తే ముచ్చటేస్తుంది. గాలిమరలు వాడకాన్ని మించి తిరిగినప్పుడు బ్రిటన్‌లో కరెంటు ధర పడిపోతుంది. నార్వే ఆ చవక కరెంటును తెప్పించుకుని తన ఇళ్లకు ఇచ్చుకుంటుంది, తన టర్బైన్ల జోరు తగ్గిస్తుంది. నీళ్లు జలాశయంలోనే ఉండిపోతాయి. గాలి చచ్చుబడిన రోజున ఆ నీళ్లే వదిలి బ్రిటన్‌కు కరెంటు పంపుతుంది. నీటిని కిందినుంచి పైకి తోడే ఖర్చు లేదు. వదలకుండా ఊరుకోవడమే నిల్వ. నార్వే కరెంటులో 90 శాతం దరిదాపు నీటి నుంచే వస్తుంది, యూరప్ జలాశయాల నిల్వ సామర్థ్యంలో దాదాపు సగం ఆ ఒక్క దేశంలోనే ఉంది. అందుకే ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో చాలావరకు నార్వే వైపు కేబుళ్లు వేసుకున్నాయి: నెదర్లాండ్స్ 2008లో (నార్‌నెడ్, 580 కిలోమీటర్లు), జర్మనీ 2021లో (నార్డ్‌లింక్, 623 కిలోమీటర్లు). అందరికన్నా ముందు 1970ల్లోనే వేసుకున్నది డెన్మార్క్. ఇవాళ ఆ దేశపు కరెంటులో సగానికి పైగా గాలి నుంచి వస్తోందంటే, వెనక ఈ కేబుళ్ల అండ ఉంది.

నార్త్ సీ లింక్ వేసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. క్విల్‌డాల్ సముద్రం ఒడ్డున లేదు, కొండల వెనక ఉంది. దారిలో సూల్‌డాల్ సరస్సు అడ్డం. కేబుల్ వేసే పెద్ద ఓడ కొండల నడుమ ఉన్న సరస్సులోకి రాలేదు. దాంతో సరస్సు కోసమే నీటిపై తేలే వేదిక ఒకటి ప్రత్యేకంగా కట్టి, దాని మీద నుంచి కేబుల్‌ను 200 మీటర్లకు పైగా లోతున్న నీటిలోకి దించారు. ఆ తర్వాత కొండను తొలిచిన సుమారు 2.3 కిలోమీటర్ల సొరంగం గుండా లాగి సముద్రపు పాయలోకి చేర్చారు.

సముద్రపు నీరే రెండో తీగ

ఈ కథ మొదలైంది 1954లో. స్వీడన్ తన ప్రధాన భూభాగం నుంచి బాల్టిక్ సముద్రంలోని గోట్లాండ్ దీవికి కేబుల్ వేసింది. వ్యాపారపరంగా నడిచిన తొలి సముద్రగర్భ డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లైను ఇదే. పొడవు 100 కిలోమీటర్లకు కాస్త తక్కువ, వోల్టేజీ 100 కిలోవోల్టులు, మోసింది 20 మెగావాట్లు. వేసింది ఒక్కటే కేబుల్! వెళ్లిన కరెంటు వెనక్కి రావాలి కదా, లేకపోతే సర్క్యూట్ పూర్తి కాదు. దానికి రెండు తీరాల దగ్గరా ఎలక్ట్రోడ్లు దించి ఉప్పునీటినే తిరుగుదారి చేసుకున్నారు.

దీని వెనక ఉన్న మనిషి యూనో లామ్, స్వీడన్‌లోని ఆసెయా (ASEA) కంపెనీ ఇంజినీరు. దిశ మార్చుకుంటూ పారే ఏసీని డీసీగా, డీసీని మళ్లీ ఏసీగా మార్చాలంటే చాలా ఎక్కువ వోల్టేజీని తట్టుకునే వాల్వు కావాలి. అప్పట్లో ఉన్నవి పాదరసపు ఆవిరితో పనిచేసే వాల్వులు. అంత వోల్టేజీ దగ్గర అవి మాట వినేవి కావు, కరెంటు వెనక్కి దూకేది. వాటిని దారికి తేవడానికి లామ్‌కు రమారమి పాతికేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ పని సెమీకండక్టర్లు చేస్తున్నాయి. ఆయన పేరు మీద ఇంజినీర్లకు ఒక అవార్డు కూడా ఉంది.

ఒంటి కేబుల్‌తో ఇంకో తంటా వచ్చింది. దాని చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం వల్ల పైన వెళ్లే ఓడల దిక్సూచి ముల్లు పక్కకు తిరిగేది. అందుకే 1961లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య 160 మెగావాట్ల లైను వేసినప్పుడు రెండు కేబుళ్లు వాడారు. ఒకదానిలో కరెంటు అటు, రెండోదానిలో ఇటు పోతుంది కాబట్టి రెండింటి ప్రభావం చాలావరకు పరస్పరం రద్దవుతుంది. అయితే ఆ కేబుళ్లను సముద్రపు నేల మీద ఊరికే పరిచారు. చేపల పడవల వలలు, లంగరులు తగిలి తరచూ దెబ్బతినేవి. 1986లో వాటి స్థానంలో వచ్చిన 2,000 మెగావాట్ల లైనును అందుకే నేలలో కందకం తవ్వి పూడ్చారు.

మన ఇంట్లో కరెంటు సముద్రం ఎందుకు దాటలేదు?

మన ఇళ్లకు వచ్చేది ఏసీ. సెకనుకు 50 ఆవృత్తులు. కేబుల్‌లో మధ్యన రాగి, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆ పైన లోహపు తొడుగు. రెండు లోహాల నడుమ ఇన్సులేషన్ ఉందంటే అది కెపాసిటరే. ఏసీ దిశ మారిన ప్రతిసారీ ఆ పొడవాటి కెపాసిటర్‌ను నింపాలి, ఖాళీ చేయాలి. కాలువ చివరి రైతుకు ఈ బాధ బాగా తెలుసు: తూము దగ్గర ఎంత వదిలినా దారిలో కాలువే తాగేస్తుంది. 50–80 కిలోమీటర్లు దాటాక సముద్రగర్భ ఏసీ కేబుల్ సాధారణంగా గిట్టుబాటు కాదు. జిబ్రాల్టర్ జలసంధి సన్నగా ఉంది కనుక స్పెయిన్, మొరాకో మధ్య 1997 నుంచి ఏసీ కేబులే నడుస్తోంది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకట్లో మునిగినప్పుడు తిరిగి లేవడానికి ఫ్రాన్స్‌తో పాటు మొరాకో నుంచి వచ్చిన కరెంటు చేయూతనిచ్చింది. యూరప్‌కు ఆఫ్రికా నుంచి అందిన సాయం అది.

డీసీకి నింపడం, ఖాళీ చేయడం అనే గొడవ లేదు. రెండు చివర్లా కన్వర్టర్ స్టేషన్లు కట్టుకోవాలి, అవి బాగా ఖరీదు. ఒక్కో స్టేషన్ దగ్గర సుమారు ఒక శాతం కరెంటు వృథా అవుతుంది. అంతే, ఇక వందల కిలోమీటర్లు పోవచ్చు.

డీసీకి ఉన్న మరో గుణం తెలుగువాళ్లు ఒకసారి కళ్లారా చూశారు, చాలామంది గమనించలేదు. 2012 జులై 30, 31 తేదీల్లో దేశంలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలాయి. 60 కోట్ల మందికి పైగా నివసించే ప్రాంతాల్లో కరెంటు పోయింది. రైళ్లు పట్టాల మీదే నిలిచిపోయాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది మాత్రం వెలుగుతూనే ఉంది. కారణం, అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లంకెల ద్వారానే కలిసి ఉండేది. విశాఖ గాజువాకలో తూర్పు గ్రిడ్‌తో ఒక లంకె, రామగుండం వైపు నుంచి చంద్రపూర్‌తో ఇంకొకటి, తాల్చేరు నుంచి కోలారుకు మరొకటి. ఏసీతో కలిస్తే రెండు గ్రిడ్‌లూ ఒకే లయలో నడవాలి, ఒకటి తడబడితే రెండోదాన్నీ లాగేస్తుంది. డీసీ అయితే కరెంటు దాటుతుంది, తడబాటు దాటదు. తూర్పు నుంచి రావలసిన కరెంటు తగ్గినా దక్షిణాది తట్టుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది కూడా దేశపు ఏసీ గ్రిడ్‌లో కలిసింది. గాజువాకలో నేల మీద చేసిన పనినే దేశాల నడుమ సముద్రగర్భ కేబుళ్లు చేస్తున్నాయి. నార్వేదీ బ్రిటన్‌దీ వేర్వేరు లయలు, అయినా సరుకు అందుతోంది.

కేబుల్ కడుపులో ఏముంది?

రాగి లేదా అల్యూమినియం గుండె. దాని చుట్టూ చిక్కటి నూనెలో నానబెట్టిన కాగితం వందల పొరలుగా చుట్టి ఉంటుంది. కొత్త రకాల్లో కాగితానికి బదులు ప్లాస్టిక్. నీరు చొరబడకుండా సీసపు తొడుగు. లాగుడుకూ దెబ్బలకూ తట్టుకునేందుకు ఉక్కు తీగల కవచం. చివరగా తారు పట్టించిన నార. మీటరు ముక్క పదుల కిలోలు తూగుతుంది. ఇంతటి బరువును వందల కిలోమీటర్లు మోయాలంటే మామూలు ఓడ సరిపోదు. 2021లో పనిలోకి దిగిన లియొనార్డో డావిన్సీ అనే ఓడలో కేబుల్ చుట్టి పెట్టుకునే గుండ్రటి తొట్లు రెండున్నాయి. ఒకటి 7,000 టన్నులది, ఇంకొకటి 10,000 టన్నులది. ఇంగ్లండ్, డెన్మార్క్ మధ్య 765 కిలోమీటర్ల వైకింగ్ లింక్‌కు కేబుల్ వేసిన ఓడల్లో ఇదీ ఉంది. 2023 డిసెంబరులో మొదలైన ఆ లైను దేశాల మధ్య ఉన్న ఇలాంటి వాటిలో పొడవైనది.

ఓడ ఎంత పెద్దదైనా దారి పొడవుకు సరిపడా కేబుల్ ఒకే విడతలో పట్టదు. ఒక విడత అయ్యాక, తర్వాతి విడత కేబుల్‌ను నడిసముద్రంలోనే అతకాలి. నీటిలోని కొసను డెక్ మీదకు లాగి, దుమ్మూ తడీ చేరని గదిలో పెట్టి పొర తర్వాత పొర విప్పి, రాగికి రాగి కలిపి, మళ్లీ అన్ని పొరలూ చేత్తో చుడతారు. రోజుల తరబడి సాగే పని. అంతసేపూ ఓడ అంగుళం కదలకుండా నిలబడాలి, అలలు లేస్తే వాయిదా. ఇన్సులేషన్‌లో గాలి బుడగ చిక్కినా, తేమ చేరినా కొన్నేళ్లకు అక్కడే పేలుతుంది. ఈ పని చేయగల జాయింటర్లు ప్రపంచంలో చాలా తక్కువమంది. కరెంటు కేబుళ్ల గురించి రాసేవాళ్లు మెగావాట్లు లెక్కపెడతారు గానీ ఈ నిపుణుల ఊసెత్తరు, వాళ్ల చేతి పని మీదే లైను ఆయుష్షు ఆధారపడి ఉంది.

తెగితే?

తెగుతాయి. 2016 నవంబరులో ఆంగస్ తుపాను వేళ ఒక ఓడ లంగరు ఈడ్చుకుపోయి ఇంగ్లండ్–ఫ్రాన్స్ లైనులోని ఎనిమిది కేబుళ్లలో నాలుగు దెబ్బతిన్నాయి. చలికాలంలో సామర్థ్యం సగమైపోయింది. 2024 క్రిస్మస్ నాడు ఫిన్లాండ్, ఎస్తోనియాల మధ్య ఉన్న 650 మెగావాట్ల ఎస్ట్‌లింక్ 2 ఆగిపోయింది. ఈగిల్ ఎస్ అనే ట్యాంకరు లంగరే కారణమన్న అనుమానంతో ఫిన్లాండ్ ఆ ఓడను ఆపింది. కేబుల్ బాగుపడి మళ్లీ పనిచేసేసరికి తర్వాతి ఏడాది జూన్ వచ్చింది.

ఒకే దేశంలోని ఉదాహరణే అయినా ఆస్ట్రేలియాలో జరిగింది చెప్పకుండా ఉండలేను. టాస్మేనియా దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య 2006 నుంచి బాస్‌లింక్ కేబుల్ ఉంది. టాస్మేనియాది జలవిద్యుత్తు. అవతల మంచి ధర పలుకుతోందని 2012–14 మధ్య తన జలాశయాల నీళ్లతో కరెంటు చేసి బాగా అమ్ముకుంది. తర్వాత వానలు మొహం చాటేశాయి. అలాంటి సమయంలో 2015 డిసెంబరు 20న కేబుల్ చెడిపోయింది. జలాశయాల నిల్వ 13 శాతం లోపుకు పడిపోయింది. నీటి కరెంటుతో బతికే దీవి డీజిల్ జనరేటర్లు అద్దెకు తెచ్చుకుంది, పెద్ద పరిశ్రమలు వాడకం తగ్గించుకున్నాయి. కేబుల్ మరమ్మతు పూర్తయింది 2016 జూన్‌లో. పొరుగువాడు ఆదుకుంటాడని అడుగంటా అమ్ముకుంటే, దారి తెగిన రోజున పొరుగువాడు ఉండీ లేనట్టే.

నార్వే ఇంట్లో అలక

నార్‌నెడ్ మొదలైన తొలి రెండు నెలల్లోనే సుమారు 5 కోట్ల యూరోలు తెచ్చిపెట్టింది. కట్టడానికి అయిన ఖర్చు 60 కోట్ల యూరోలు. అంత లాభసాటి బేరం మీద నార్వే ప్రజలు ఎందుకు మండిపడుతున్నారు?

కేబుల్‌లో కరెంటుతో పాటు ధర కూడా ప్రయాణిస్తుంది. జర్మనీలో గాలి లేక, ఎండ లేక కరెంటు కరవైన చలిరోజున అక్కడి ధర దక్షిణ నార్వే ఇంటి బిల్లులోకి దిగుతుంది. నార్వేలో ఇళ్లు వెచ్చబెట్టుకునేది ఎక్కువగా కరెంటుతోనే. తమ కొండల్లో, తమ నీళ్లతో, తరతరాలుగా చవగ్గా వచ్చిన కరెంటు ఒక్కసారిగా పిరమైపోతే ఏ గృహిణికైనా కడుపు మండుతుంది. వాళ్ల కోపాన్ని స్వార్థమని కొట్టిపారేయడం తప్పు. స్కాట్లాండ్‌కు వేయాలనుకున్న నార్త్‌కనెక్ట్ లైనును నార్వే ప్రభుత్వం 2023లో తిరస్కరించింది. యూరోపియన్ యూనియన్ విద్యుత్ నిబంధనల మీద తగవుతో 2025 జనవరిలో సెంటర్ పార్టీ సంకీర్ణ ప్రభుత్వం నుంచి తప్పుకొంది. అదే ఏడాది అక్టోబరు నుంచి ఇళ్లకు స్థిర ధర పథకం తెచ్చారు.

నా ఉద్దేశంలో ఆ పథకం ముందే, కేబుళ్లు గీసిన కాగితాల మీదే ఉండాల్సింది. లాభం ప్రభుత్వ ఖజానాకూ గ్రిడ్ కంపెనీకీ వెళ్లి, భారం వంటింటి మీద పడితే ఎంత మంచి ఏర్పాటైనా నిలవదు.

గాలిమరల మీదుగా అవతలి దేశానికి

డెన్మార్క్, జర్మనీల మధ్య బాల్టిక్ సముద్రంలో ఇంకో చిత్రం ఉంది. క్రీగర్స్ ఫ్లాక్ దగ్గర డెన్మార్క్ గాలిమరల క్షేత్రం, దానికి చేరువలోనే జర్మనీ గాలిమరల క్షేత్రం. ఎవరి కేబుల్ వాళ్ల ఒడ్డుకు ఎలాగూ వెళ్తోంది. 2020లో ఆ రెండు క్షేత్రాలనూ సముద్రంలోనే కలిపేశారు. గాలి బాగా ఉన్నప్పుడు ఆ కేబుళ్లు గాలిమరల కరెంటును మోస్తాయి, గాలి లేనప్పుడు ఖాళీగా పడి ఉండకుండా ఒక దేశం కరెంటును ఇంకో దేశానికి చేరవేస్తాయి. 2023 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఓస్టెండ్‌లో కలిసిన తొమ్మిది దేశాలు 2050 నాటికి ఉత్తర సముద్ర ప్రాంతంలో 300 గిగావాట్ల గాలిమరలు పెడతామన్నాయి. అన్ని మరలకూ విడివిడిగా కేబుళ్లు వేస్తే తీరం చాలదు. ఈ జంట ఉపయోగపు పద్ధతే దిక్కు.

మరీ దూరపు కలలకు మాత్రం ఇంకా గడ్డుకాలమే. మొరాకో ఎండనూ గాలినీ దాదాపు 4,000 కిలోమీటర్ల కేబుల్‌తో బ్రిటన్‌కు తెస్తామన్న ఎక్స్‌లింక్స్ పథకానికి 2025 జూన్‌లో బ్రిటన్ ప్రభుత్వం అండ ఇవ్వనంది. ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి సింగపూర్‌కు 4,300 కిలోమీటర్ల కేబుల్ ఇంకా కాగితం మీదే ఉంది.

మన పక్కన

ప్రపంచమంతా ఒకే గ్రిడ్ కావాలన్న ఆలోచనను మన దేశం 2018లో ముందుకు తెచ్చింది. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో బ్రిటన్‌తో కలిసి ప్రకటించింది. సౌదీ అరేబియాతో 2023 అక్టోబరులో గ్రిడ్‌ల అనుసంధానంపై ఒప్పందపత్రం కుదిరింది. గల్ఫ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు గడియారం తేడా కొత్త కాదు: దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, రియాద్ రెండున్నర గంటలు వెనక. మన ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు అక్కడ ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండ మన సాయంత్రపు అవసరానికి పనికొస్తుంది. అయితే అరేబియా సముద్రం నడుమ లోతు 3,000 మీటర్లు దాటుతుంది. ఇటలీ ప్రధాన భూభాగం నుంచి సార్డీనియా దీవికి 1,640 మీటర్ల లోతున వేసిన కేబుల్ చాలా ఏళ్లు రికార్డుగా నిలిచిందంటే ఆ పని ఎంత కష్టమో ఊహించవచ్చు.

శ్రీలంక సంగతి వేరు. మన ధనుష్కోడి నుంచి అక్కడి తలైమన్నార్ సుమారు 30 కిలోమీటర్లు. పాక్ జలసంధి లోతు చాలా తక్కువ. ఈ లంకె గురించి 1970ల నుంచీ మాట్లాడుకుంటున్నారు. 2022 సంక్షోభంలో లంకలో రోజుకు 13 గంటల దాకా కోతలు పెట్టారు. 2025 ఫిబ్రవరి 9, ఆదివారం పట్టపగలు దీవి మొత్తం కరెంటు పోయింది. కొలంబో దక్షిణాన పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి పరికరాలకు తగలడమే కారణమని మంత్రి చెప్పారు. కోతి నెపం మాత్రమే. సెలవు రోజు వాడకం తక్కువ, ఇళ్ల కప్పుల మీది సౌర పలకల నుంచి కరెంటు ఎక్కువ, గ్రిడ్‌ను నిలబెట్టే బరువైన జనరేటర్లు కొద్దిగానే తిరుగుతున్నాయి. అలాంటప్పుడు చిన్న కుదుపు చాలు. రెండు నెలలు తిరిగేసరికి, సింహళ కొత్త సంవత్సరం సెలవుల్లో పగటిపూట సౌర పలకలు ఆపుకోమని అక్కడి విద్యుత్ బోర్డు ఇళ్లవాళ్లను కోరింది.

మన దగ్గరా వాళ్ల దగ్గరా గడియారం ఒకటే, గాలి సీజను కూడా ఇంచుమించు ఒకటే. నార్వే, బ్రిటన్‌ల మధ్య ఉన్న తేడా ఇక్కడ లేదు. ఇక్కడ ఉన్నది పరిమాణంలో తేడా. వాళ్లకు ఆపుకోక తప్పని కొన్ని వందల మెగావాట్లు మన గ్రిడ్‌లో కలిస్తే తెలియను కూడా తెలియదు. రాత్రి వాళ్లకు కావలసినది ఇవ్వడమూ మనకు భారం కాదు. 2025 ఏప్రిల్ 5న కొలంబోలో రెండు దేశాలూ ఈ డీసీ లైనుపై అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. ఇక తేలాల్సినవి లెక్కలు: ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలి, మధ్యాహ్నం ధర ఎంత, రాత్రి ధర ఎంత. పగడాలూ సముద్రపు ఆవులూ (డుగాంగ్‌లు) ఉన్న మన్నార్ సింధుశాఖకు హాని కలగకుండా, రెండు దేశాల జాలర్లూ వలలు వేసే ఆ లోతు తక్కువ నీళ్లలో కేబుల్‌ను ఏ దారిన, ఎంత లోతున పూడ్చాలన్నది వాళ్లతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.